విశాఖ నుంచి రత్నగిరి దాకా కారులో: బౌద్ధ శిథిలాలు, కోణార్క్, 7 రోజులు. ప్లాన్ సరిచూడండి

#1 గోస్తనీ గట్టు
డిసెంబరు రెండో వారంలో ప్రయాణం. చిన్న కారు, నలుగురం. ఇద్దరు అరవై దాటినవాళ్లు, కొండలు మెల్లగా ఎక్కగలరు. రాసుకున్నది ఇదీ: మొదటి రోజు బొజ్జన్నకొండ, తొట్లకొండ, బావికొండ, భీమిలి, రామతీర్థం. రెండో రోజు శాలిహుండం, శ్రీముఖలింగం, రాత్రికి భువనేశ్వర్. ఆ తర్వాత ధౌలి, ఖండగిరి, కోణార్క్, ఉదయగిరి, రత్నగిరి, లలితగిరి.
అడగాలనుకున్నవి మూడు. ఇది అయ్యే పనేనా? వదిలేయాల్సి వస్తే ఏది వదలాలి? మన రాష్ట్రంలో ప్రపంచ వారసత్వ స్థలం ఏదైనా దారిలో తగులుతుందా?

#2 ఆనందపురం జంక్షన్
మొదటి రోజే తేలిపోయిందండీ, అవ్వదు. బొజ్జన్నకొండ అనకాపల్లి పక్కన, శంకరంలో ఉంది. అంటే ఊరికి పడమర. మిగతావన్నీ ఈశాన్యం. పొద్దున్న అటు వెళ్లి మళ్లీ సిటీ దాటి బీచ్ రోడ్డు ఎక్కేసరికి మధ్యాహ్నం ఎండలో తొట్లకొండ మీద ఉంటారు. రామతీర్థం చీకట్లో.
బొజ్జన్నకొండని ఈ ప్రయాణంలోంచి తీసేసి ఒక ఆదివారం పొద్దున్న విడిగా పెట్టుకోండి. అదే రోజు కలపాలని పట్టుంటే అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వచ్చే ఆరు వరుసల బైపాస్ ఉంది, సిటీ తగలదు. కానీ అప్పుడు తొట్లకొండ, బావికొండ పోతాయి. బైపాస్ ఎక్కి సముద్రం వైపు కొండలు చూస్తామంటే కుదరదు.

#3 ఇటుకముక్క
మూడో ప్రశ్నకి ముందు జవాబు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికి ప్రపంచ వారసత్వ స్థలం ఒక్కటీ లేదు. 2021లో గుర్తింపు వచ్చిన రామప్ప గుడి తెలంగాణలోని పాలంపేటలో ఉంది. మీ దారిలో ఉన్నది కోణార్క్ ఒక్కటే, 1984లో జాబితాకెక్కింది. అయితే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు 2025లో తాత్కాలిక జాబితాలో చేరాయి. తాత్కాలిక జాబితా అంటే గుర్తింపు కాదు, రేపు ప్రతిపాదన పెట్టడానికి అర్హత, అంతే. బోర్డులు చూసి పొరబడకండి.
ఇక ఎక్కడేం చూడాలి అన్నది. చాలామంది తొట్లకొండ ఎక్కి, సముద్రంతో సెల్ఫీ తీసుకుని, "ఇటుక గోడలే కదా" అని పావుగంటలో దిగిపోతారు. దీనికంటూ ఒక వరుస ఉంది. మొదట నీళ్లు వెతకండి. కొండకి ఆ పేరు తెచ్చినవే రాతిలో తొలిచిన తొట్లు. వాన నీరు వాటిలోకి ఎటు నుంచి దిగుతుందో బండ మీది వాలు చూస్తే అర్థమవుతుంది. నీళ్లు దొరికిన చోటే విహారం (భిక్షువులు ఉండే గదులు), వంటిల్లు, భోజనశాల. తర్వాత విహారం గదులు లెక్కపెట్టండి, ఎంతమంది ఉండేవారో ఒక అంచనా వస్తుంది. ఆ తర్వాత చైత్యం, అంటే పూజామందిరం: వెనక గోడ గుండ్రంగా తిరిగి ముందు తెరుచుకుని ఉంటే అది గజపృష్ఠ చైత్యం, ఏనుగు వెనక భాగంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఈ ఆకారం గుర్తుపెట్టుకోండి. శాలిహుండంలో మళ్లీ కనిపిస్తుంది, ఒడిశాలో లలితగిరిలోనూ కనిపిస్తుంది. మహాస్తూపం ఆఖరున చూడండి.

#4 రాతిపొర
తొట్లకొండ మహాస్తూపం గురించి ఒక హెచ్చరిక. కనిపిస్తున్నదంతా రెండు వేల ఏళ్ల నాటిది కాదు. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది, తర్వాత చాలా చోట్ల గోడలు ఎత్తు పెంచి కట్టారు. 2019 అక్టోబరు వానలకి స్తూపంలో కొంత భాగం కూలింది, మళ్లీ కట్టారు. అంచులు పదునుగా, వరుస సూటిగా ఉన్నాయంటే కొత్త పని. అరిగిన అడుగు వరుసలే పాతవి.
రాయి మాట. విశాఖ కొండలు ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరు. గార్నెట్, సిల్లిమనైట్ ఉన్న రాయి. దీనిలోని ఫెల్డ్‌స్పార్ గాలికీ తేమకీ మెత్తటి మట్టిగా మారుతుంది, రాయి పెళ్లలుగా ఊడుతుంది. తొట్లు తొలవడం సులువు కావడానికీ, శిల్పం నిలవకపోవడానికీ కారణం ఇదే. కోణార్క్‌లో కూడా గోడల పైపని ఎక్కువగా ఖోండలైటే. అక్కడ దీని సంగతి మళ్లీ చెబుతాను.

#5 గోస్తనీ గట్టు
బొజ్జన్నకొండ తీసేశాం. బావికొండ, భీమిలిలోని పావురాలకొండ రెండూ చూడాలా? తొట్లకొండ చూశాక ఒకేలా అనిపిస్తాయేమో.

#6 ఇటుకముక్క
బావికొండ చూడండి, పావురాలకొండ పెద్దవాళ్లకి వద్దు.
బావికొండలో 1982 నుంచి 87 వరకు తవ్వకాలు జరిగాయి. విహారం పెద్దది, గదుల వరుస తొట్లకొండ కన్నా స్పష్టంగా తెలుస్తుంది. మహాస్తూపం దగ్గర ధాతు కరండం (అవశేషాలు దాచే పెట్టె) దొరికింది, అందులో ఎముక ముక్క, బూడిద. అది బుద్ధుడిదేనని నమ్మేవాళ్లు ఉన్నారు. రుజువు మాత్రం అడక్కండి.
పావురాలకొండ భీమిలిలో, నరసింహస్వామి గుడి ఉన్న కొండే. గుడి పైన కాలిదారి గరుకుగా ఉంటుంది. 16 తొట్లు ఉన్నాయి, కట్టడాలు పునాదుల మట్టానికే. నీటి నిల్వ మీద ఆసక్తి ఉన్నవాళ్లకి మాత్రం ఇదే అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే పైన కట్టిన కొత్త గోడల గోల లేదు.

#7 భీమిలి లైట్‌హౌస్
ఏటండీ, పావురాలకొండ వద్దనేశారు! ఆ కొండ మీద నుంచి చూస్తేనే కదా అసలు సంగతి తెలిసేది. గోస్తనీ సముద్రంలో కలిసే చోటు కింద కనబడుతుంది. ఈ ఆరామాలన్నీ ఓడరేవు పక్కనే ఎందుకున్నాయో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. శాలిహుండం వంశధార గట్టు మీద, పక్కనే కళింగపట్నం. తొట్లకొండలో రోమన్ వెండి నాణేలు 5, శాతవాహన సీసపు నాణేలు 9 దొరికాయి. వ్యాపారుల దానాలు లేకుండా కొండ మీద వంటిల్లు నడవదు.
పెద్దవాళ్లని కింద డచ్చివాళ్ల సమాధుల దగ్గర నీడలో కూర్చోబెట్టి మిగతా ఇద్దరూ ఎక్కండి. ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం గట్ల అంచున నిలబడకండి, కింద ఇసుక తొలిచి ఉంటుంది, పెళ్లగా జారుతుంది.

#8 ఆనందపురం జంక్షన్
ఒప్పుకున్నాను. అయితే లెక్క ఇలా వేసుకోండి.
శనివారం పొద్దున్న ఆరింటికి బయల్దేరితే గేటు తీసే వేళకి తొట్లకొండ దగ్గర ఉంటారు. ఊరి నుంచి సుమారు 16 కిలోమీటర్లు, కారు పైదాకా వెళ్తుంది. దిగేటప్పుడు రెండో గేరు వదలకండి, బ్రేకు మీద కాలు ఆనించి దిగితే వాసన వస్తుంది. తర్వాత బావికొండ, దిబ్బలు, భీమిలి. భీమిలి నుంచి చిట్టివలస, తగరపువలస మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కండి. నాతవలస దగ్గర ఎడమకి తిరిగితే విజయనగరం. రాత్రి అక్కడే.
ఆదివారం రామతీర్థం, సాయంత్రానికి శ్రీకాకుళం. సోమవారం శాలిహుండం, శ్రీముఖలింగం, రాత్రి బరంపురం. మంగళవారం జౌగడ, భువనేశ్వర్. బుధవారం ధౌలి, ఖండగిరి, కోణార్క్. గురువారం లలితగిరి, రత్నగిరి. శుక్రవారం తిరుగు ప్రయాణం, 500 కిలోమీటర్ల పైమాటే.
శనివారం మొదలుపెట్టమన్నది ఊరికే కాదు. కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలకి శుక్రవారం సెలవు. కోణార్క్, రత్నగిరి, లలితగిరి మూడింటికీ మ్యూజియాలున్నాయి. ఇదే వరుసలో ఆదివారమో సోమవారమో బయల్దేరినవాళ్లు ఎక్కడో ఒకచోట తాళం చూసి వస్తారు.

#9 కళింగదారి
పై లెక్క బాగుంది. జౌగడ కలిపినందుకు ఒక దండం. బరంపురం నుంచి పురుషోత్తంపూర్ వైపు, ఋషికుల్య నది దగ్గర. ఒక బండ, దాని మీద అశోకుడి శాసనం, చుట్టూ రక్షణ కటకటాలు. చూడటానికి ఇరవై నిమిషాలు చాలు. కానీ ఇది చూడకుండా ధౌలికి వెళ్లకండి. అశోకుడి 14 బండ శాసనాల వరుసలో 11, 12, 13 ఈ రెండు చోట్లా లేవు. వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. ధౌలిలో తోసలి పట్నం అధికారులకి, జౌగడలో సమాపా పట్నం అధికారులకి: జనాన్ని అకారణంగా బంధించొద్దు, హింసించొద్దు, ప్రజలందరూ నా బిడ్డలు అని. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని బాధపడింది 13వ శాసనంలో. అది కళింగలోనే లేదు! ఓడినవాళ్ల ముందు ఆ లెక్క చెప్పదలచుకోలేదన్నమాట.
ధౌలికి వెళ్లినవాళ్లు నేరుగా పైన తెల్లగా మెరిసే శాంతి స్తూపం దగ్గరికి పోతారు. అది 1972లో కట్టింది. శాసనం, బండలోంచి బయటికి వస్తున్నట్టు చెక్కిన ఏనుగు కింద రోడ్డు పక్కనే ఉన్నాయి. కారు అక్కడే ఆపండి.

#10 రాతిపొర
శాసనాలు చదవాలన్నా, కనీసం ఫొటోలో అక్షరం కనబడాలన్నా ఏటవాలు వెలుగు కావాలి. పొద్దున్న తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత. నడినెత్తిన ఎండ ఉంటే అక్షరం గుంటలో నీడ పడదు, రాయి చదునుగా కనిపిస్తుంది. టార్చి పట్టుకుని పక్క నుంచి వెలుగు వేసినా పనవుతుంది. సుద్దముక్క రుద్దడం, నీళ్లు చల్లడం చెయ్యకూడదు. 1958 చట్టం, 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. డ్రోన్ సంగతి అసలు ఆలోచించకండి, అందులో విశాఖ తీరంలో.

#11 గోస్తనీ గట్టు
రామతీర్థంలో మూడు కొండలంటున్నారు. ఏది ఎక్కాలి?

#12 ఇటుకముక్క
గురుభక్తులకొండ. బౌద్ధ ఆరామం దాని మీదే. దుర్గకొండ మీద ఉన్నవి జైన ఆనవాళ్లు. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా వెళ్లాలి, 12, 13 కిలోమీటర్లు. ఎక్కి, చూసి, దిగడానికి కనీసం రెండున్నర గంటలు పెట్టుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పైన ఏమీ దొరకదు. డిసెంబరు అయినా తొమ్మిదింటికల్లా కిందికి దిగేట్టు చూసుకోండి. ఎండుగడ్డిలో ఇటుక గోడల పక్కన పాములు ఎండకి వస్తాయి. గోడ మీద చెయ్యి ఆనించే ముందు చూడండి, చెప్పులు వద్దు, బూట్లు. పెద్దవాళ్లు కిందే రామస్వామి దర్శనం చేసుకుంటే సరిపోతుంది.

#13 భీమిలి లైట్‌హౌస్
శ్రీకాకుళం మీద ఒక మాట. శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు, మన వాడుక భాషా ఉద్యమం గిడుగే. ఆయనకి శాసనాలూ సవర భాషా రెండూ ప్రాణం. అక్కడ దొరికిన విగ్రహాల్లో తార, మారీచి అనే బౌద్ధ దేవతలవి ఉన్నాయి. అంటే హీనయానంతో (బౌద్ధంలో తొలి శాఖ) మొదలైన చోటు తర్వాత వజ్రయానం (తాంత్రిక శాఖ) దాకా సాగింది. కొండ మీద అడుగున స్తూపాలు, పైకి పోతుంటే చైత్యాలు. మెట్టు మెట్టుకీ వెనక్కి తిరిగి వంశధారని చూడండి.
దారి మాత్రం జాగ్రత్త. శాలిహుండం వంశధారకి దక్షిణపు గట్టు, శ్రీముఖలింగం అవతలి గట్టు. మళ్లీ శ్రీకాకుళం వచ్చి, రహదారి మీద మడపాం దగ్గర వంశధార వంతెన దాటి, నరసన్నపేట నుంచి జలుమూరు మీదుగా వెళ్లండి.

#14 కళింగదారి
శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి చూసి వెనక్కి తిరిగిపోతారు చాలామంది. భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కూడా ఊళ్లోనే ఉన్నాయి. సోమేశ్వరం చిన్నది, గోడ శిల్పం మూడింట్లోకీ దగ్గరగా చూడొచ్చు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. కోణార్క్ కట్టించిన మొదటి నరసింహదేవుడు ఆ వంశం వాడే. ఇది చూసి అది చూస్తే శిఖరం ఎలా పెరిగిందో తెలుస్తుంది.

#15 ఆనందపురం జంక్షన్
టోల్ సంగతి. నాతవలస, మడపాం, ఇచ్ఛాపురం దగ్గర బెల్లుపడ, ఆ తర్వాత ఒడిశావి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకి ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది: మొదలుపెట్టినప్పుడు 3,000 రూపాయలు, 200 దాటింపులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. జాతీయ రహదారి టోళ్లకే పనిచేస్తుంది. ట్యాగ్ బ్యాలెన్సు లేకపోతే 2025 నవంబరులో పెట్టిన నిబంధన ప్రకారం నగదుకి రెట్టింపు, యూపీఐకి ఒకటింపావు ఉండేది.
టైర్లలో గాలి బయల్దేరేముందు చల్లగా ఉన్నప్పుడు, నలుగురు ప్లస్ సామాను లెక్కకి డ్రైవర్ తలుపు మీది పట్టీలో రాసినంత కొట్టించండి. రెండొందల కిలోమీటర్లు పరిగెత్తాక బంకులో చూసి "ఎక్కువుంది" అని తీయించకండి, వేడికి పెరిగిందే అది. డిసెంబరులో చిలికా పక్కన రంభ, బాలుగావ్ మధ్య తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది. తిరుగు రోజున ఆ ముక్క సూర్యుడు వచ్చాకే దాటేలా బయల్దేరండి. హైబీమ్ వేస్తే మంచు తెల్ల గోడవుతుంది, లోబీమే.

#16 స్తంభం పక్కన
ఉదయగిరి గురించి ఎవరూ చెప్పలేదు. ఒడిశాలో రెండు ఉన్నాయి! భువనేశ్వర్‌లో ఖండగిరి ఎదురుగా ఉన్నది జైన గుహలు: కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం, రాణీగుంఫా. రెండోది జాజ్‌పూర్ జిల్లాలో, రత్నగిరి పక్కన, బౌద్ధ ఆరామం. ఫోన్ మ్యాపులో "ఉదయగిరి" అని కొడితే మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కూడా చూపిస్తుంది. "రత్నగిరి" అంటే మహారాష్ట్ర తీసుకుపోతుంది. జాజ్‌పూర్ అని పక్కన కలిపి వెతకండి, రాత్రే మ్యాపు దింపుకుని పెట్టుకోండి.
ఖండగిరిలో చేతిలో అరటిపండు, సంచీ ఉంటే కోతులు లాగేస్తాయి. కారులో వదిలేయండి.

#17 రాతిపొర
చెబుతానన్న కోణార్క్. గోడలకి ఖోండలైట్, ద్వారబంధాలకీ ముఖ్య విగ్రహాలకీ క్లోరైట్, పునాదికీ లోపలి నింపుడుకీ ల్యాటరైట్. సముద్రపు గాలిలోని ఉప్పు ఖోండలైట్ రంధ్రాల్లో చేరి, ఎండకి స్ఫటికాలు కట్టి, పైపొరని లోపల నుంచి నెడుతుంది. అందుకే పక్కపక్కనే ఒక నర్తకి మొహం అరిగి, ఆకుపచ్చని క్లోరైట్ సూర్యుడు నిన్న చెక్కినట్టు కనిపిస్తాడు. శిల్పి తేడా కాదు, రాయి తేడా.
జగమోహనం (గర్భగుడి ముందరి మంటపం) లోపలికి పోనివ్వరు. కూలకుండా 1903లో బ్రిటిష్ వాళ్లు ఇసుక నింపి తలుపులు మూసేశారు. దాని వెనక ఉండాల్సిన పెద్ద శిఖరం ఎప్పుడో పడిపోయింది. చక్రాలు 24, ఒక్కోటి సుమారు 3 మీటర్లు. నీడ చూసి టైము చెబుతామని గైడ్లు వేలు పెడతారు. ఎండ ఉన్న పక్క చక్రం దగ్గరే అడగండి.

#18 గోస్తనీ గట్టు
గురువారం కోణార్క్ నుంచి రత్నగిరి, లలితగిరి, ఆ రెండో ఉదయగిరి మూడూ అవుతాయా? ఒకటి వదలాలంటే?

#19 కళింగదారి
పొద్దున్న ఆరింటికల్లా కోణార్క్ వదిలి, కటక్ మీదుగా చండీఖోల్ చేరి పారాదీప్ రోడ్డుకి తిరిగితే అవుతాయి. ముందు రత్నగిరి, వెనక్కి వస్తూ ఉదయగిరి, ఆఖరున లలితగిరి.
రత్నగిరిలో మొదటి విహారం ద్వారబంధం దగ్గర పది నిమిషాలు ఆగండి, మళ్లీ ఆ క్లోరైటే. లోపల ముంగిలి చుట్టూ 24 గదులు. తొట్లకొండలో లెక్కపెట్టినట్టే ఇక్కడా లెక్కపెట్టండి, తేడా తెలుస్తుంది. ఈ ఊరి పాత పేరు ఎలా తెలిసిందంటే, 1958 నుంచి 61 దాకా పురావస్తు శాస్త్రవేత్త దేబలా మిత్ర తవ్వకాల్లో మట్టి ముద్రలు దొరికాయి. వాటి మీద శ్రీరత్నగిరి మహావిహారం భిక్షుసంఘం అని ఉంది.
లలితగిరి కొండ మీది స్తూపంలో ధాతు కరండాలు ఒకదాంట్లో ఒకటి దొరికాయి: పైన ఖోండలైట్, లోపల బలపపు రాయి, దానిలో వెండి, దానిలో బంగారం.
వదలాల్సి వస్తే ఉదయగిరి. మెట్లబావి పోతుంది, బాధే, కానీ మిగతా రెండూ పోగొట్టుకోలేం.

#20 స్తంభం పక్కన
తేదీలు కూడా చూసుకోండి. డిసెంబరు 1 నుంచి 5 దాకా కోణార్క్ నృత్యోత్సవం, గదులు దొరకవు. మీది రెండో వారం కాబట్టి సరిపోయింది. ఎవరైనా జనవరి, ఫిబ్రవరిలో వెళ్తుంటే రథసప్తమి తప్పించండి. ఆ రోజు అరసవల్లిలోనూ, కోణార్క్ పక్కన చంద్రభాగ తీరంలోనూ ఇసుక వేస్తే రాలదు.

#21 ఇటుకముక్క
బొజ్జన్నకొండకి విడిగా వెళ్లేటప్పుడు కనుమ రోజు వద్దు. అదీ జాతరే.
మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్లండి, టార్చి తీసుకుని. పెద్ద గుహలో 16 స్తంభాల మధ్య ఏకశిలా స్తూపం చీకట్లో ఉంటుంది, గబ్బిలాల వాసన భరించాలి. పెద్దవాళ్లకి మెట్లున్నాయి. పక్కన లింగాలకొండ తప్పక ఎక్కండి. గట్టు పొడవునా బండని తొలిచి చేసిన స్తూపాలు, పిల్లా పెద్దా, లింగాల్లా కనిపిస్తాయి, పేరు అలా వచ్చిందే. అక్కడ మెట్లు సరిగా లేవు, వానాకాలంలో నాచు. శంకరం అన్న పేరు కూడా సంఘారామం నుంచే.

#22 గోస్తనీ గట్టు
అందరికీ నమస్కారాలు. శనివారం బయల్దేరుతున్నాం. పావురాలకొండ ఇద్దరమే ఎక్కుతాం. ఒకటే సందేహం: బరంపురంలో రాత్రి దిగితే జౌగడకి పొద్దున్న ఎన్నింటికి?

#23 కళింగదారి
ఎనిమిదింటికి బండ దగ్గర ఉండండి. వెలుగు పక్క నుంచి వస్తుంది. కాపలా మనిషి కనబడకపోతే ఊళ్లో అడగండి, ఎవరో ఒకరు పిలుచుకొస్తారు.